విళింజం రేవుకు 24,346 కంటైనర్ల ఓడ: మన విశాఖకు ఎందుకు రాదు?

తీరవాసి

2025 జూన్ 9న కేరళలోని విళింజం రేవులో ఎంఎస్‌సీ ఐరీనా అనే కంటైనర్ ఓడ ఆగింది. పొడవు 399.9 మీటర్లు, వెడల్పు 61.3 మీటర్లు. ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 24,346 మోయగలదు. దాని సోదరి ఓడలను (అదే నమూనాలో కట్టినవాటిని) పక్కన పెడితే ఇంతకు మించి కంటైనర్లు పట్టే ఓడ ప్రపంచంలో ఇప్పటికి లేదు. దక్షిణాసియాలో ఒక రేవుకు అది రావడం ఇదే తొలిసారి. టగ్గులు (పెద్ద ఓడలను లాగే చిన్న పడవలు) నీళ్లు చిమ్ముతూ స్వాగతం పలికాయి. దాన్ని నడిపిస్తున్న కెప్టెన్ విల్లీ ఆంటొనీది త్రిశూర్. సొంత రాష్ట్రపు రేవుకు అంతటి ఓడను తెచ్చి నిలపడం ఎవరికైనా గర్వంగానే ఉంటుంది.

నేను పుట్టి పెరిగింది విశాఖలో. 1948 మార్చిలో జల ఉషను నెహ్రూ సముద్రంలోకి దింపిన ఊరు ఇది. స్వతంత్ర భారతంలో జలప్రవేశం చేసిన మొదటి పెద్ద ఓడ అది. డాల్ఫిన్ నోస్ కొండ అండగా ఉన్న సహజమైన రేవు మాది. అంతకు ఏడాది ముందు వరకు పేరు కూడా వినని విళింజానికి ఐరీనా వస్తే, మా రేవుకు ఎందుకు రాదు? లోతు చాలదా, క్రేన్లు చాలవా, పట్టించుకునేవారు లేరా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

రేవులెక్క

తీరవాసి గారూ, ఓడలకు బెర్తులు (రేవులో ఓడ నిలిచే చోట్లు) కేటాయించే పనిలో చాలా కాలంగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

నిండా సరుకుతో ఉన్న ఐరీనా నీటిలోకి దాదాపు 17 మీటర్లు దిగుతుంది. విళింజంలో తీరానికి చాలా దగ్గరలోనే 18 నుంచి 20 మీటర్ల సహజమైన లోతు ఉంది. పూడిక తీసే ఖర్చు చాలా తక్కువ. విశాఖ ఔటర్ హార్బర్ కూడా లోతైనదే. కొంత తక్కువ బరువుతో వస్తే పెద్ద ఓడలనూ నిలపవచ్చు. అంటే లోతు ఒక్కటే అడ్డు కాదు.

క్రేన్ల సంగతి వేరు. ఐరీనా డెక్ మీద అడ్డంగా 24 కంటైనర్లు పడతాయి. ఆ చివరి పెట్టెను అందుకోవాలంటే క్రేన్ చెయ్యి ఒడ్డు నుంచి 65 మీటర్లకు పైగా సముద్రం వైపు చాచాలి. ఎత్తు కూడా అదే స్థాయిలో ఉండాలి. అలాంటి క్రేన్లు డబ్బు పెడితే వస్తాయి.

డబ్బు పెట్టినా రానిది సరుకు. ఇలాంటి ఓడ నడిచేది చైనా, ఐరోపా మధ్య. దారిలో ఒక రేవులో ఆగిందంటే అక్కడ వేల పెట్టెలు దిగాలి, వేల పెట్టెలు ఎక్కాలి. లేకపోతే ఆగిన ఖర్చు కూడా రాదు. విళింజం అంతర్జాతీయ నౌకామార్గానికి 10 నాటికల్ మైళ్ల (దాదాపు 18.5 కిలోమీటర్ల) దూరంలో ఉంది. ఓడ దాదాపు దారి మళ్లకుండానే వచ్చి వెళ్లవచ్చు. విశాఖకు రావాలంటే బంగాళాఖాతంలోకి ఎక్కివచ్చి మళ్లీ దిగివెళ్లాలి. ఆ ఇంధనం, ఆ రోజులు ఎవరు భరించాలి?

ఇంకో సంగతి. మన దేశానికి వచ్చే, మన దేశం నుంచి వెళ్లే కంటైనర్లలో ఓడ మారేవి ఉంటాయి కదా, వాటిలో దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే మారుతున్నాయి. కొలంబో, సింగపూర్, మలేసియాలోని క్లాంగ్ వాటిలో ముఖ్యం. కొలంబో ఒక్కటే ఏడాదికి 70 లక్షలకు పైగా కంటైనర్లు చూస్తోంది. విళింజం పోటీ పడుతున్నది దానితో, విశాఖతో కాదు.

నీలిదారి

కంటైనర్ ఓడల మీద సెకండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు సెలవులో ఇంటి దగ్గర ఉన్నాను. ఓడ పరిమాణం గురించి రెండు మాటలు.

చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. 2006లో డెన్మార్క్‌లో కట్టిన ఎమ్మా మేర్స్క్ పొడవు 397 మీటర్లు. 2023లో వచ్చిన ఐరీనా పొడవు 400 మీటర్లకు కాస్త తక్కువ. అంటే పదిహేడేళ్లలో పొడవు మూడు మీటర్లే పెరిగింది. మోసే పెట్టెలు మాత్రం 15 వేల ప్రాంతం నుంచి 24 వేలు దాటాయి. ఎలా? వెడల్పు 56 నుంచి 61 మీటర్లకు పెరిగింది, ఎత్తు పెరిగింది. అంతకంటే ముఖ్యంగా, ఓడలో మనుషులుండే భవనాన్ని చీల్చారు.

ఎమ్మాలో వంతెన గది (ఓడను నడిపే గది), కింద ఇంజను, పైన పొగగొట్టం అన్నీ ఒకే చోట, వెనుక వైపు ఉండేవి. వంతెన గది నుంచి చూస్తే ఓడ ముక్కు ముందు 500 మీటర్ల దూరం నుంచైనా నీరు కనిపించి తీరాలని నియమం. వెనుక కూర్చుని చూడాలంటే ముందున్న పెట్టెలు ఎత్తు పెరగకూడదు. కొత్త ఓడల్లో వంతెన గదిని ముందుకు జరిపి, ఇంజనును, పొగగొట్టాన్ని వెనుకే ఉంచారు. ఇక వంతెన గదికి వెనుక ఎంత ఎత్తు పేర్చినా చూపుకు అడ్డం రాదు. ఐరీనాలో డెక్ పైనా కిందా కలిపి 26 అంతస్తుల వరకు పెట్టెలు పేర్చవచ్చని చెబుతున్నారు.

ఇంజను మాత్రం ఎమ్మాదే గొప్పది. 14 సిలిండర్లు, ఒక్కో సిలిండర్ లోపలి వ్యాసం 96 సెంటీమీటర్లు, బరువు 2,300 టన్నులు, శక్తి లక్షా తొమ్మిది వేల హార్స్‌పవర్. సిలిండర్‌లోకి మనిషి దిగి నిలబడి పని చేయవచ్చు. తర్వాత వచ్చిన ఓడలు అంతకంటే పెద్దవైనా అంత శక్తి పెట్టుకోలేదు. 2008 తర్వాత ఇంధనం ఆదా కోసం అందరూ వేగం తగ్గించారు. ఎమ్మా 25 నాట్ల వేగంతో, అంటే గంటకు 25 నాటికల్ మైళ్లు, పరిగెత్తేలా కట్టిన ఓడ. నేడు చాలా ఓడలు 16, 18 నాట్ల దగ్గర నడుస్తాయి.

వేదవతి

భౌతికశాస్త్రం బోధిస్తాను. నీలిదారి గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఈ సంస్థలు ఇంత పెద్ద ఓడల వెంట ఎందుకు పడుతున్నాయో చెబుతాను. ఓడ కొలతలు పెరిగినప్పుడు లోపలి చోటు ఘనం లెక్కన (కొలతలు రెట్టింపైతే ఎనిమిది రెట్లు) పెరుగుతుంది. నీటితో రాపిడి పొందే ఉపరితలం వర్గం లెక్కనే (నాలుగు రెట్లు) పెరుగుతుంది. కాబట్టి పెట్టెలు రెట్టింపైనా ఇంధనం రెట్టింపు కాదు, ఉక్కు రెట్టింపు కాదు. సిబ్బంది అయితే అసలు పెరగరు. ఒక్కో పెట్టెకయ్యే ఖర్చు తగ్గుతుంది.

దీని వెనుక ఒక ఇబ్బంది కూడా ఉంది. వెడల్పైన ఓడ ఒక పక్కకు ఒరిగితే నీరు దాన్ని చాలా బలంగా వెనక్కి తోస్తుంది. తంజావూరు బొమ్మను వంచి వదిలితే విసురుగా లేస్తుంది కదా, అలాగే. బొమ్మకు ఏమీ కాదు. ఓడ పైన ఎనిమిదో తొమ్మిదో అంతస్తులో ఉన్న పెట్టె మీద మాత్రం ఆ విసురు మొత్తం పడుతుంది. 2019 జనవరి మొదట్లో ఎంఎస్‌సీ జోయి అనే 395 మీటర్ల ఓడ ఉత్తర సముద్రంలో ఒక్క రాత్రిలో 342 కంటైనర్లు పోగొట్టుకుంది. టీవీలు, బొమ్మలు, ప్లాస్టిక్ గుళికలు నెదర్లాండ్స్ దీవుల ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2020 నవంబరు 30న పసిఫిక్‌లో వన్ ఏపస్ ఓడ నుంచి 1,816 పెట్టెలు పడిపోయాయి.

గాలి సంగతి చెప్పనక్కర్లేదు. 2021 మార్చి 23న సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ అడ్డం తిరిగినప్పుడు ఇసుక తుపాను వీస్తోంది. 400 మీటర్ల పొడవున పెట్టెలు పేర్చి నిలబెట్టిన గోడకు గాలి తగిలితే, ఇరుకు కాలువలో సర్దుకోవడానికి చోటు ఉండదు.

తీరవాసి

రేవులెక్క గారూ, వేదవతి గారూ, చాలా తెలిసింది. అయినా ఒక సందేహం. ఒక్కో పెట్టె ఖర్చు తగ్గుతోందంటే చివరకు మన సరుకు కూడా చవకగా చేరాలి కదా? అలాంటప్పుడు అంత పెద్ద ఓడను మన దగ్గరికి రప్పించుకోవాలని కోరుకోవడంలో తప్పేముంది? ముందు రేవు సిద్ధమైతే సరుకు తానే వస్తుందని నా నమ్మకం. విళింజంలోనూ మొదట సరుకు లేదు. 2024 జూలైలో సాన్ ఫెర్నాండో ఓడ వచ్చింది, సెప్టెంబరులో 24,116 కంటైనర్ల క్లాడ్ జిరార్డే వచ్చింది, తర్వాత ఐరీనా. రేవును అధికారికంగా ప్రారంభించింది 2025 మే 2న.

ఆక్వా సత్యం

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి కాగితాలు చూస్తాను. ఆ చవక మా దాకా వస్తుందా అన్నది నేను చెప్పగలను.

మా సరుకు నలభై అడుగుల రీఫర్‌లో, అంటే శీతల కంటైనర్‌లో, వెళుతుంది. లోపల మైనస్ 18 డిగ్రీలు. ప్లాంటులో సీలు వేసినప్పటి నుంచి కొనుగోలుదారు తలుపు తెరిచేదాకా ఆ అంకె పైకి పోకూడదు. విశాఖలో ఫీడర్ ఓడ (పెద్ద ఓడలు ఆగే రేవుకు సరుకు చేర్చే చిన్న ఓడ) ఎక్కుతుంది. కొలంబోలోనో సింగపూర్‌లోనో దిగి, పెద్ద ఓడ కోసం యార్డులో కరెంటు ప్లగ్గు మీద ఎదురుచూస్తుంది. ఫీడర్ ఒక్క రోజు ఆలస్యమైతే పెద్ద ఓడ తప్పిపోతుంది. తర్వాతి ఓడ వారానికి. ఆ వారం ప్లగ్గు అద్దె, సరుకు మీద వడ్డీ, కొనుగోలుదారు కోపం, అన్నీ మా లెక్కలోకే వస్తాయి. చివరకు అది చెరువు గట్టు మీద 40 కౌంట్ (కిలోకు నలభై తూగే రొయ్యలు) ధరలో కోతగా రైతుకు తగులుతుంది.

ఓడలు ఏటికేడు పెద్దవవుతూనే ఉన్నాయి. 2021లో మాత్రం షాంఘై నుంచి రోటర్‌డ్యామ్‌కు నలభై అడుగుల పెట్టె బాడుగ పది వేల డాలర్లు దాటింది. ఖాళీ పెట్టెలను చైనాకు పరిగెత్తించారు. మాకు రీఫర్లు దొరకలేదు. పెద్ద ఓడ మిగిల్చే పైసలు ఎవరి జేబులో ఉంటాయో అప్పుడు బాగా అర్థమైంది. నాకు ఐరీనా విశాఖకు రానక్కర్లేదు. వారంలో రెండు సార్లు, చెప్పిన రోజుకు, చెప్పిన గంటకు కదిలే ఫీడర్ కావాలి. రేవులో మరిన్ని రీఫర్ ప్లగ్గులు కావాలి. కొలంబోకు బదులు విళింజంలో ఓడ మారితే అదీ మంచిదే. అక్కడికి మన రేవుల నుంచి ఫీడర్లు ఎన్ని నడుస్తాయన్నదే ప్రశ్న.

రేవులెక్క

సత్యం గారు గుండెలోని మాట చెప్పారు. తీరవాసి గారి ప్రశ్నకు నా జవాబు కూడా అదే.

ఓఈసీడీకి (అభివృద్ధి చెందిన దేశాల కూటమికి) చెందిన రవాణా వేదిక 2015లో ఈ మహా ఓడల మీద ఒక నివేదిక ఇచ్చింది. 15 వేల నుంచి 19 వేల పెట్టెల ఓడకు మారినప్పుడు వచ్చిన ఆదాలో సగానికి పైగా తక్కువ వేగానికి తగినట్టు చేసిన రూపకల్పన వల్ల వచ్చిందేనని, పరిమాణం వల్ల కాదని అందులో తేల్చారు. మరోవైపు రేవులు పెద్ద క్రేన్లు కొనాలి, బెర్తులు బలపరచాలి, యార్డులు పెంచాలి. ఆదా ఓడ సంస్థది, ఖర్చు రేవుది. చాలా దేశాల్లో రేవు ఖర్చంటే ప్రజల డబ్బే.

పని ఒత్తిడి కూడా చూడండి. నాలుగు మామూలు ఓడలు నాలుగు రోజుల్లో వస్తే రేవు పని సాఫీగా సాగుతుంది. ఆ సరుకంతా ఒక్క ఓడ మీద ఒకేసారి వస్తే ఒకటి రెండు రోజులు లారీలు, క్రేన్లు, యార్డు ఊపిరాడకుండా ఉంటాయి. తర్వాత రోజుల తరబడి ఖాళీ.

ఐరీనా లాంటి ఓడలకు వెళ్లే చోట్లు కూడా కొన్నే. పనామా కాలువ కొత్త లాకుల్లో (ఓడను పైకి, కిందికి చేర్చే నీటి తలుపుల గదుల్లో) 51 మీటర్ల వెడల్పు దాటిన ఓడ పట్టదు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయెజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. వంద ఓడలకు బదులు ఇరవై ఓడల మీద సరుకంతా పెట్టుకుంటే, ఒక్క దారి మూసుకుపోయినా ఖండాలన్నీ ఎదురుచూడాల్సి వస్తుంది. ఎవర్ గివెన్ ఇరుక్కున్న ఆరు రోజుల్లో నాలుగు వందల ఓడల దాకా కాలువ రెండు పక్కలా ఆగిపోయాయి.

చేపలవాడ

మీరంతా సరుకు గురించి, ఖర్చు గురించి మాట్లాడుతున్నారు. మాది కాకినాడ దగ్గర సముద్రం మీద బతికే ఊరు. సముద్రంలో ఏది పడినా మొదట మా వలల్లోకే వస్తుంది.

2025 మే 25న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ కొచ్చి దగ్గర మునిగింది. అది విళింజం నుంచే బయలుదేరింది. చిన్న ఓడ, 1997లో కట్టింది. 640 కంటైనర్లు, వాటిలో 13 ప్రమాదకర సరుకువి. సిబ్బంది 24 మందినీ కాపాడగలిగారు, అది సంతోషం. తర్వాత కొల్లం, ఆలప్పుళ, తిరువనంతపురం తీరాలకు పెట్టెలు కొట్టుకొచ్చాయి. తెల్లటి ప్లాస్టిక్ గుళికలు ఇసుకలో కలిసిపోయాయి. జల్లెడలు పట్టుకుని మనుషులు ఏరారు. గింజంత ఉండే ఆ గుళికలను ఎన్ని రోజులు ఏరితే అయిపోతాయి? కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అక్కడి మత్స్యకారుల చేపను కొనడానికి జనం భయపడ్డారు.

ఐరీనా విళింజం చేరిన రోజే కేరళ తీరానికి ఎదురుగా వాన్ హై 503 అనే కంటైనర్ ఓడకు నిప్పంటుకుంది. 22 మందిలో 18 మంది బయటపడ్డారు, నలుగురి జాడ లేదు.

640 పెట్టెల ఓడ మునిగితేనే ఇలా ఉంటే, 24 వేల పెట్టెల ఓడకు ఏదైనా జరిగితే ఎవరు ఏరుతారు? తీరవాసి గారూ, మీ గర్వాన్ని కాదనడం లేదు. ఆ ఓడ వచ్చే రేవు పక్కన పల్లెలు ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి.

నీలిదారి

చేపలవాడ గారూ, మీ భయం నిజమైనదే. ఓడలో ఉండే మాకు కూడా అదే భయం, ముఖ్యంగా అగ్ని అంటే.

2018 మార్చిలో మేర్స్క్ హోనమ్ అరేబియా సముద్రంలో కాలింది. ఐదుగురు చనిపోయారు. అది 353 మీటర్ల కొత్త ఓడ, కట్టి ఏడాది కూడా కాలేదు. పెట్టె లోపల ఏముందో మాకు కాగితం మీద రాసినదే తెలుస్తుంది. బొగ్గుపొడినో, బ్యాటరీలనో, రసాయనాలనో మామూలు సరుకని రాసి పంపేవారున్నారు. ప్రమాదకర సరుకని రాస్తే బాడుగ ఎక్కువ కాబట్టి. ఆ పెట్టె ఏడో అంతస్తులో, నాలుగు వైపులా వేరే పెట్టెల మధ్య ఉంటుంది. డెక్ మీద గొట్టం పట్టుకుని నిలబడితే నీళ్లు అక్కడికి చేరవు. పక్క పెట్టెల మధ్య సందు మనిషి భుజం పట్టనంత. ఇరవై ముప్పై మంది సిబ్బందిమే అక్కడ అగ్నిమాపక దళం. దగ్గరి ఒడ్డు రోజుల దూరంలో ఉండవచ్చు. ఓడ పరిమాణం పెరిగినంతగా మంటలార్పే ఏర్పాట్ల నియమాలు పెరగలేదని సముద్రం మీద పనిచేసేవాళ్లం చాలాకాలంగా అంటున్నాం.

పడిపోయే పెట్టెల లెక్క మాత్రం ఏటికేడు మారుతుంది. 2024లో ప్రపంచమంతా కలిపి సముద్రంలో పోయినవి 576 పెట్టెలని ఓడ సంస్థల మండలి ప్రకటించింది. మొత్తం రవాణా అయినవి 25 కోట్ల చిల్లర. శాతంగా చూస్తే చాలా తక్కువ. ఆ తక్కువలోనిదే ఒకటి మీ వలలో చిక్కితే శాతం ఎందుకూ పనికిరాదు, ఒప్పుకుంటాను. 2026 జనవరి 1 నుంచి పెట్టె పడిన ప్రతిసారీ దగ్గరి ఓడలకు, తీరదేశానికి, ఓడ జెండా దేశానికి (ఓడ నమోదైన దేశానికి) కెప్టెన్ తెలియజేసి తీరాలని అంతర్జాతీయ నియమం అమలులోకి వచ్చింది. ఆలస్యమైనా మంచి పని.

ఆక్వా సత్యం

నీలిదారి గారూ, ఓడెక్కాక మా రీఫర్ ఎక్కడుంటుంది? దాన్ని ఎవరైనా చూస్తారా? సీలు వేసి పంపాక మాకు వచ్చేది కాగితమే.

నీలిదారి

చూస్తారు. ప్రతి పెట్టెకు ఓడ మీద ఆరు అంకెల చిరునామా ఉంటుంది. 340686 అనుకోండి. మొదటి 34 ఓడ ముక్కు నుంచి వెనక్కి లెక్కపెట్టే స్థానం. సరిసంఖ్య కాబట్టి అది నలభై అడుగుల పెట్టె. తర్వాతి 06 అడ్డ వరుస. సరిసంఖ్యలు ఎడమ పక్క, బేసిసంఖ్యలు కుడి పక్క. చివరి 86 ఎత్తు. డెక్ మీద మొదటి అంతస్తు 82, తర్వాత 84, 86. అంటే డెక్ మీద మూడో అంతస్తులో, ఎడమ పక్కన మీ రొయ్యలున్నాయి.

రీఫర్లను మనిషి చేరగలిగే ఎత్తులో, ప్లగ్గులున్న చోటే పెడతారు. ఎలక్ట్రికల్ ఆఫీసర్ రోజుకు రెండు సార్లు వాటి మధ్య తిరిగి, ప్రతి పెట్టె తెర మీద ఉన్న ఉష్ణోగ్రత చూసి నమోదు చేస్తారు. కంప్రెసర్ ఆగిపోతే అర్ధరాత్రయినా, వాన కురుస్తున్నా లాషింగ్ వంతెన (పెట్టెలను బిగించి కట్టే ఇనుప వేదిక) మీదికెక్కి అక్కడే విప్పి బాగుచేస్తాం. గాలి ఎక్కువున్న రోజు ఆ ఇనుప మెట్ల మీద పానా పట్టుకుని నిలబడటం తేలిక కాదు.

ఉద్దానం కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా వైపు చాలామంది సీమెన్‌గా వెళ్లారు. అంత పెద్ద ఓడలో ఇరవై ముప్పై మందేనా ఉండేది? ఆ ఓడ మీదికి చేరాలంటే ఏం చదవాలి? మా ఊళ్లో ఒకాయన నాలుగు లక్షలిస్తే నేరుగా ఓడ ఎక్కిస్తానంటున్నారు.

నీలిదారి

తమ్ముడూ, ముందు ఆ నాలుగు లక్షల మాట. ఇవ్వకు, ఇంట్లో ఎవరినీ ఇవ్వనివ్వకు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం మన నియమాల ప్రకారం నేరం. ఓడకు మనుషులను పంపే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక లైసెన్సు ఉండాలి. డీజీ షిప్పింగ్ (నౌకాయానాన్ని పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో ఆ జాబితా ఉంటుంది. జాబితాలో పేరు లేకపోతే అక్కడితో మాట ఆపేయాలి. శ్రీకాకుళం కుర్రాళ్లు ఇలాంటి ఏజెంట్ల చేతిలో పడి, ఏ దేశపు రేవులోనో జీతం లేకుండా ఇరుక్కుపోయిన సంగతులు విన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

చదువు సంగతి. ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాయి. ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. ఇంజను వైపు రావాలంటే నాలుగేళ్ల మెరైన్ ఇంజనీరింగ్. వంతెన గది వైపు వెళ్లాలంటే ఏడాది నాటికల్ సైన్స్ డిప్లొమా, ఆ తర్వాత ఓడ మీద క్యాడెట్‌గా శిక్షణ. ఏ కళాశాలలో చేరినా దానికి డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకో.

సిబ్బంది తక్కువేనన్నది నిజం. ఎవర్ గివెన్‌లో 25 మంది, అందరూ భారతీయులే. ఓడను మార్చి 29న కదిలించినా, కాలువ అధికారులు మొదట 91.6 కోట్ల డాలర్లు అడగడంతో బేరం తేలక జూలై 7 దాకా గ్రేట్ బిట్టర్ సరస్సులో నిలిపేశారు. మన వాళ్లలో చాలామంది ఆ వంద రోజులూ ఎండలో ఓడ మీదే విధులు చేసుకుంటూ ఉండిపోయారు. జీతం బాగుంటుంది, ప్రపంచం చూస్తావు, ఇలాంటి రోజులు కూడా ఉంటాయి. మూడూ తెలుసుకుని రా.

ఉద్దానం కుర్రాడు

ధన్యవాదాలు అన్నా. నాకు కళ్లద్దాలు ఉన్నాయి, పర్వాలేదా?

నీలిదారి

ఇంజను వైపు కొంత సడలింపు ఉంది, డెక్ వైపు చూపు నియమాలు గట్టివి. రెండింటికీ రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి. ఫీజు కట్టకముందే డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకో. ఆ జాబితా కూడా అదే వెబ్‌సైటులో ఉంది. విశాఖలోనూ ఉన్నారు.